సీదా వచ్చిన నక్క

పన్నెండేండ్ల నుంచి ఒక మాట నా లోపల మోస్తున్న. నన్ను ఎరిగినోళ్లు ఇది నమ్మరు. నా లోపల ఏ మాటా పన్నెండు నిమిషాలు కూడా ఆగదని మా ఆఫీసులో, మా ఇంట్లో, మేముండే సంతోష్‌నగర్ గల్లీలో అందరికీ గట్టి నమ్మకం. పెండ్లిలో నా చేతికి మైకు ఇచ్చినోళ్లు దాన్ని మళ్ల గుంజుకోవడానికి ఇద్దరు మనుషులను పంపాల్సి వచ్చింది. అసుంటోణ్ణి ఈ ఒక్క ముచ్చట మీద మాత్రం నోరు మూసుకొని ఉన్న. బరువు అంటరు గాని, బరువైతే ఎక్కడన్న దించి కాసేపు చేతులు దులుపుకోవచ్చు. ఇది పాలు పోయించుకునేటప్పుడు గుర్తొస్తది. పాలు రోజూ పోయించుకోవాలె.

మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. తెలిసినోళ్లు నేను నోరు తెరవంగనే నవ్వడానికి తయారైతరు, పాపం వాళ్ల తప్పు కాదు, నేనే అలవాటు చేసిన. ఒకసారి నవ్విన్రంటే మిగతాది చెప్పడం నా వల్ల కాదు. మధ్యలో నేను ఎక్కడన్న నవ్వించబోతే మీరు పట్టించుకోకండి.

సంగతి ఇది. నేను ఒక నక్కను పిలిచి చంపించిన. ఆ తప్పు ఇంకో మనిషి నెత్తిన పడింది. పడుతుంటే చూస్తూ ఊకున్న.

మూడు వాక్యాలు. ఇంత చిన్నగ ఉన్నదానికి పన్నెండేండ్లు ఎందుకు పట్టినట్టు?

ఆ ఇంకో మనిషి బాలయ్య బాపు. అప్పట్లో మేము లాల్‌దర్వాజాలో కిరాయికి ఉండేది. మా ఇంటికి నాలుగు గడపల అవతల ఆయన బర్రెల కొట్టం. పదకొండు బర్రెలు, ఒక కొడుకు. కొడుకు పేరు నర్సింగ్, నాకన్న ఐదేండ్లు పెద్ద, నాకు అన్న లెక్క. పొద్దున గిన్నె పట్టుకొని పోతే బాపు లీటరు కొలత నిండా ముంచి పోసి, చెయ్యి వెనక్కి తీసుకోకుండనే ఇంకో గుక్కెడు కొసరు పోసేటోడు. అడిగినోళ్లకు పోసేటోడు, అడగనోళ్లకు పోసేటోడు, నిన్న కొట్టం వాసన మీద లొల్లి పెట్టి పోయినోళ్లకు కూడా పోసేటోడు.

వట్టిపోయిన బర్రెను సిటీలో కట్టేసి మేపుడు ఎవరి వల్లా కాదు. పాలోళ్లు వాటిని అడవి దిక్కు తోలిస్తరు, మళ్ల ఈనే దాకా అక్కడ మేస్తయి. బాపుకు శ్రీశైలం రోడ్డు మీద గంటన్నర పోయినంక ఒక పటేల్ పొలం అంచుకు జాగా ఉండె. పొలం వెనుక వాగు, వాగు అవతల మోదుగు, తునికి, పరికి పొదలు కలిసిన అడవి, పక్కన ఒక తండా. జాగా పటేల్ ఊరికే ఇచ్చిండు. ఒక్కటే షరతు. ఆయన తండ్రి కాలంలో ఏదో వేట కేసు మీద పడి ఆ ఇల్లంత కోర్టు చుట్టు తిరిగిందట. అందుకని, "తుపాకి చప్పుడు విన్ననాడు నీ బర్రెలు నా పొలంల ఉండయి బాలయ్యా" అని మొదటి రోజే చెప్పిండు. బాపు నెలలో సగం రోజులు అక్కడనే ఒక చిన్న గుడిసెలో ఉండేటోడు.

అడవిలో బర్రె ఈనిందంటే నక్కలొస్తయి. లేగదూడను అందుకుంటయి. బాపు వాటిని చంపేటోడు కాదు. పిలిచేటోడు. వినడానికి ఉల్టా ఉంటది. బర్రె ఈనడానికి నాలుగైదు రోజుల ముందు, పొద్దుగూకే యాళ్లకు, గుడిసె ముంగట కూసొని దెబ్బతిన్న కుందేలు ఏడ్చినట్టు గొంతు పెట్టేటోడు. నక్క ఆశపడి వచ్చేది. దగ్గరికి రాంగనే ఖాళీ నూనె డబ్బా మీద కట్టెతోని దడదడ వాయించేటోడు. రెండుసార్లు గిట్ల ఇజ్జత్ పోయినంక ఆ నక్క మళ్ల ఆ దిక్కు చూసేది కాదు. దీనికి బాపు పెట్టిన పేరు "పిలిచి సిగ్గు తీసుడు."

వయసులో ఉన్నప్పుడు ఆయన వేటగాళ్ల వెంట పిలిచేటోడిగా తిరిగిండట. ఎందుకు మానేసిండో నాకు ఒక్కసారే చెప్పిండు. "పిల్ల గొంతు పెట్టిన. తల్లొచ్చింది. కొట్టిన్రు." అంతే చెప్పి చుట్ట ముట్టిచ్చుకున్నడు. లాల్‌దర్వాజా అమ్మవారి ముంగట నిలబడి ఒట్టు పెట్టుకున్నడట, చంపేటోని కోసం మళ్ల నోరు తెరవనని. అది మా గల్లీలో అందరికీ ఎరుకే. నర్సింగ్ అన్న చిన్నప్పటి నుంచి ఆ ఒట్టు కథ వింటూ పెరిగిండు.

నేను బీఎస్సీ జువాలజీ. మిమిక్రీ పిచ్చోణ్ణి, కాలేజీలో లెక్చరర్లందరి గొంతులు మొదటి ఏడే అయిపోయినయి, ప్రిన్సిపాల్‌ది కూడా. కొత్త సరుకు కావాల్సి వచ్చింది. సెలవుల్లో నర్సింగ్ అన్న దాణా సంచులు బండి మీద వేసుకొని అడవికి పోతుంటే వెనుక ఎక్కి పోయేటోణ్ణి. బాపును అడిగిన. నేర్పిండు. కుందేలు గొంతుకు చేతి వెనుక భాగం మీద పెదాలు ఆనించి లోపలికి పీల్చాలె. నక్క కూతకు రెండు చేతులు దొన్నెలెక్క పట్టాలె. నక్క పిల్ల గొంతు కష్టం. నాలుక అంగిట్లకు ఒత్తి, ఊపిరి తెంపి తెంపి ముక్కుతోని తియ్యాలె. రెండు ఎండకాలాలు పట్టింది నాకు. నర్సింగ్ అన్నకు మాత్రం ఒక్క గొంతూ రాలేదు. ఆయన పిలిస్తే బర్రెలొచ్చేటివి.

గొంతుతో పాటు రెండు మాటలు చెప్పిండు బాపు. ఒకటి, నక్క ఎప్పుడూ సీదా రాదు. కిరాయికి ఇల్లు చూసేటోళ్ల లెక్క ముందు చుట్టు తిరుగుతది, గాలి కిందికి పోయి వాసన చూసుకుంటది, మూడుసార్లు అనుమానపడి నాలుగోసారి అడుగేస్తది. రెండోది, శివరాత్రి నుంచి బోనాల దాకా పిల్ల గొంతు ముట్టొద్దు. అప్పుడు బొరియల్లో నిజం పిల్లలుంటయి. "గప్పుడు పెడితే తల్లి ఆగదురా. అది పిలుసుడు గాదు, మోసం" అన్నడు. నేను తలూపిన. నోట్స్ కూడా రాసుకున్న. జువాలజీ విద్యార్థిని కదా.

డిగ్రీ అయినంక అఫ్జల్‌గంజ్‌లో ఒక పార్సిల్ ఆఫీసులో కుదిరిన. జువాలజీకి పార్సిళ్లకు ఏం సంబంధమని మీరు అడగొచ్చు. మా బ్యాచ్ మొత్తంలో రోజూ ఎలుకలతో పనిచేసింది నేనొక్కణ్ణే. అక్కడ మా పైన ప్రభాకర్ సార్ అని ఉండె. చెడ్డోడని రాయలేను, కాన్పుకు పోయిన మా చెల్లెకు రక్తం ఇచ్చిండు. కాని ఆయన కొన్న ప్లాట్లు అమ్ముడుపోతలేవు, కొడుక్కు సంబంధం కుదురుతలేదు. ఎవరో చెప్పిన్రు, నక్క కొమ్ము సింధూరంలో పెట్టి బీరువాలో దాచుకుంటే దశ తిరుగుతదని. ఉర్దూలో దాన్ని గీదడ్ సింగీ అంటరు, పాత బస్తీలో ఈ పేరు వినని మనిషి ఉండడు. గుంపులో ముందుగా కూసే నక్క నెత్తి మీద, వెంట్రుకల్లో, వేలి గోరంత కొమ్ము ఉంటదట.

నక్కకు కొమ్ముండదు. ఈ సంగతి నాకు ఫస్ట్ ఇయర్‌లోనే తెలుసు, పరీక్షలో పుర్రె బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్న. ప్రభాకర్ సార్ అప్పటికే రెండుసార్లు నకిలీ కొమ్ము కొని మోసపోయిండు. అందుకే ఈసారి కండ్ల ముంగట తీసిన అసలుది కావాలన్నడు. లేని వస్తువులో అసలుది.

ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచినంక, నలుగురి ముంగట అడిగిండు. "నువ్వు నోటితోని నక్కను పిలుస్తవట గదా?"

ఆయన బలవంతం చేసిండని రాయాలని ఉన్నది. చేయలేదు. నౌకరీ పోతదని భయపెట్టలేదు. ఇంత ఇస్తానని కూడా అనలేదు. నలుగురి ముంగట అడిగిండు, అంతే. నేను డబ్బా మూత పెట్టి కుందేలు గొంతు తీసిన. పక్క గోదాంలో హమాలీలు ఉరికొచ్చిన్రు. చప్పట్లు కొట్టిన్రు. అక్కడనే ఒప్పుకున్న. నక్కకు కొమ్ముండదు సార్ అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఏమైతుండె? ఏం కాదు. మళ్ల అన్నం తినేటోళ్లం. ఆ వాక్యానికి చప్పట్లు రావు, అదొక్కటే లోటు.

జాగా నేనే చెప్పిన. పటేల్ పొలం వెనుక వాగు అవతల. నాకు తెలిసిన అడవి అదొక్కటే. రోజు కూడా నేనే చెప్పిన. బాపు మోకాలు చూపించుకోవడానికి సిటీకి వస్తున్నడని నర్సింగ్ అన్న మాటల్లో అన్నడు, అందుకే ఆ రోజు. ఇన్నేండ్లు నాకు నేను అది అనుకోకుండా కుదిరిందని చెప్పుకుంటూ వచ్చిన. కుదరలేదు. కుదుర్చుకున్న. బోనాలు ఇంకా మూడు వారాలున్నయి. అది కూడా నాకు ఎరుకే. పిల్ల గొంతు పెట్టను, కుందేలు గొంతుతో సరిపెడ్త, రాకుంటే రాలేదని చెప్త, అని మనసులో ఒక ఒప్పందం చేసుకున్న. నాతోనే నేను. రెండు దిక్కులా సంతకం ఒక్కనిదే ఉంటే ఆ ఒప్పందం ఎంతసేపు నిలబడ్తది?

ప్రభాకర్ సార్, ఆయన బావమరిది, నేను. బావమరిది దగ్గర ఒక నాటు తుపాకి ఉండె. కారు పటేల్ పొలం దిక్కు పోకుండా అడవి బాట మీద అవతలి నుంచి తెచ్చినం. పరికి పొదల వెనుక కూసున్నం. పొద్దు దిగుతున్నది.

కుందేలు గొంతు పెట్టిన. ఏం రాలేదు. ఆగిన. మళ్ల పెట్టిన. ఒక ఉడుత చెట్టెక్కింది. కూత పెట్టిన. దూరంగా, కొండ అవతల ఒకటి బదులు పలికింది గాని కదలలేదు. అరగంట. బావమరిది దోమలు కొట్టుకుంటున్నడు. "ఏంది బావా, మీ ఆర్టిస్టు మైకు ఖరాబైనట్టుంది" అన్నడు మెల్లగ. ప్రభాకర్ సార్ నవ్విండు. పెద్ద నవ్వు కాదు. ముక్కుతోని నవ్విండు.

ఆ చిన్న నవ్వుకు నేను పిల్ల గొంతు తీసిన.

నాలుక అంగిట్లకు ఒత్తి, ఊపిరి తెంపి తెంపి. ఒకసారి. రెండోసారి వచ్చినంత బాగా ఎప్పుడూ రాలేదు. మూడోసారి పెట్టే అవసరం పడలేదు. వాగు దిక్కు నుంచి వచ్చింది. చుట్టు తిరగలేదు. గాలి చూడలేదు. ఆగలేదు. చెట్లు లేని ఖాళీ జాగాలో నుంచి, బడి వదిలినంక పిల్ల కనపడని తల్లి ఉరికినట్టు, సీదా నా మొఖం మీదికి వచ్చింది. కడుపు కింద చన్నులు నిండుగ ఉన్నయి, ఉరుకుతుంటే ఊగుతున్నయి. పది అడుగుల దూరంలో నన్ను చూసింది. మనిషిని చూసినంక కూడా అది వెనక్కి తిరగలేదు. నా నోరు దిక్కు చూసింది. గొంతు అక్కడి నుంచే వచ్చిందని దానికి తెలుసు. పిల్ల ఎక్కడుందోనని వెతికింది.

తుపాకి పేలింది.

తర్వాత బావమరిది కత్తి తీసి నెత్తి మీది తోలు కోసి వెతికిండు. ఫోన్ లైటు పట్టుకున్నది నేను. కొమ్ము లేదు. ప్రభాకర్ సార్ మొఖం చిన్నపిల్లగాని మొఖం లెక్క అయింది.  అది చూసుడు నా వల్ల కాలేదు. అందుకని ఒక జోకు వేసిన. ఇద్దరూ నవ్విన్రు. ఆ జోకు మీకు చెప్పను. మంచిదే. అదే బాధ.

నక్కను పొదల్లో వదిలేసి వచ్చినం.

ఇంక మిగతాది నర్సింగ్ అన్న నోటి నుంచి, పొద్దున పాల దగ్గర, రోజుకింత తెలిసింది.

బాపు ఆ రోజు సిటీలో ఆగలేదు. డాక్టర్ దగ్గర మంది ఎక్కువున్నరని చూపించుకోకుండనే మధ్యాహ్నం బస్సు ఎక్కిండు. రోడ్డు మీద దిగి, వాగు వెంట కుంటుకుంటూ నడిచిపోతున్నడు. తండా వాళ్లకు ముందు పిల్ల గొంతు వినపడ్డది, తర్వాత తుపాకి వినపడ్డది, ఆ తర్వాత వాగులో నుంచి పైకెక్కుతున్న బాలయ్య కనపడ్డడు. మూడు విషయాలు. ఎవరైనా కలుపుకుంటరు. తెల్లారి నెత్తి కోసిన నక్క దొరికింది. ఆ చుట్టుపక్కల పిల్ల గొంతు పెట్టే మనిషి ఒక్కడే అని పటేల్‌కు ఎరుక. నాకు కూడా వస్తదని నర్సింగ్ అన్నకు ఎరుకే గాని, నేను దాన్ని నలుగురిని నవ్వించడానికి తప్ప తీయనని ఆయన నమ్మకం.

బాపు నేను కాదన్నడు. ఒక్కసారే అన్నడు. అని, పిల్లలను వెతకడానికి పోయిండు. ఆ మోకాలుతోని వాగు గడ్డలన్నీ పట్టుకొని తిరిగి రెండోనాడు బొరియ దొరికిచ్చుకున్నడు. నాలుగు పిల్లలట. పగిలిన కుండ పెంకులో బర్రె పాలు పోసి బొరియ ముంగట పెట్టి, దూరంగా కూసునేటోడు. మూడు రోజులు అట్ల పోసిండు. తండా వాళ్లు చూసి పటేల్‌కు చెప్పిన్రు. పటేల్ అన్నడట, "తప్పు జేసిండు గనుకనే పాలు పోస్తుండు. లేకుంటే ఈనికేం ఫికర్?" ఆయన దయే ఆయన మీద సాక్ష్యమైంది. వారంలో బర్రెలు తోలుకపొమ్మన్నడు. పిల్లల్లో ఒకటి బతికిందని తర్వాత ఎవరో అన్నరు. నిజమో, ముసలాయన మనసు కోసం అన్న మాటో నాకు తెల్వదు.

ఇప్పుడు ఆ ఒక్క మాటామంతీ రాయాలె. దీని కోసమే ఇంతసేపు చుట్టు తిరిగిన, నక్క లెక్క.

బర్రెలను వెనక్కి తోలుకొచ్చిన మరునాడు. కొట్టంలో బాపు ఒక్కడే, బర్రెను కడుగుతున్నడు. నేను గిన్నెతోని పోయిన. ఆయన నా దిక్కు తిరగలేదు.

"నువ్వు అటు దిక్కు పోయినవారా?"

"లేదు బాపు. ఆఫీసుల పని మస్తుండె."

"మరి ఎవరిదిరా గా గొంతు?"

నేను తయారుగనే ఉన్న. నాలుగు రోజుల నుంచి తయారుగ ఉన్న. "ఇప్పుడు ఫోన్లల్ల వస్తున్నయి బాపు. ఏ జంతువు గొంతు గావాలంటే అది. స్పీకర్ డబ్బాకు తగిలిస్తే చాలు, అడవంత వినపడ్తది."

బాపు బర్రె వీపు మీద నీళ్లు పోసిండు. చేత్తోని తుడిచిండు. మళ్ల పోసిండు.

"ఫోన్ గొంతుకు నక్క చుట్టు తిరుగుతదిరా. అనుమానపడ్తది. నేను అడుగులు చూసిన. ఇది సీదా వచ్చింది." చెంబు కింద పెట్టిండు. "నేను వాగుల ఉంటి గప్పుడు. విన్న. నిజం పిల్లనే అనుకున్న, ఒక్క ఘడియ."

నేను గిన్నె ముంగటికి చాపిన. 

బాపు చేతులు కడుక్కున్నడు. కొలత తీసుకొని నా గిన్నెలో పాలు పోసిండు. "మంచిగనే నేర్పిన" అన్నడు. కొసరు పోసిండు.

అంతే. మళ్ల ఆయన ఆ ముచ్చట ఎత్తలేదు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. పటేల్‌కు చెప్పలేదు, కొడుక్కు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడిండా? నేర్పింది తనే గనుక తప్పు తనదే అనుకున్నడా? లేకుంటే నేనే చెప్తనని ఆగిండా, ఇయ్యాల కాకుంటే రేపన్న చెప్తడని, రోజూ పొద్దున పాలు పోస్తూ? ఈ మూడోది నాకు ఎక్కువ భయం. ఎందుకంటే ఆయన నిజంగ నా మొఖం దిక్కు చూసేటోడు, పాలు పోసేటప్పుడు. కోపంగా కాదు. చూసేటోడు. నేను ఏదో ఒక నవ్వులాట మాట అని గిన్నె ఎత్తుకొని వచ్చేటోణ్ణి.

వట్టిపోయిన బర్రెలకు ఇంకో జాగా దొరకలేదు. ఒక్కొక్కటే బేరగాళ్లు తోలుకపోయిన్రు. రెండేండ్లకు కొట్టం ఖాళీ. ఇప్పుడక్కడ పక్క షాపులోళ్లు స్కూటర్లు నిలుపుకుంటున్నరు. బాపు పోయి మూడేండ్లయింది. కొట్టం ఖాళీ అయిన ఏడే మేము సంతోష్‌నగర్‌కు మారినం. నర్సింగ్ అన్న కూడా బాపును తీసుకొని ఇటే వచ్చి పాల దుకాణం పెట్టిండు, బాపు చివరి దాకా అక్కడనే కూసొని పాలు పోసేటోడు. క్యాన్లలో వేరే ఊరి పాలొస్తయి, కొలత మాత్రం బాపుదే. అలవాటు కూడా బాపుదే. లీటరు పోసినంక గుక్కెడు కొసరు.

నెల కింద నర్సింగ్ అన్న దుకాణంలో పెట్టడానికి బాపు ఫోటో పెద్దగ చేయించిండు. "నువ్వు సదువుకున్నోనివి, కింద రెండు మాటలు రాసియ్యి తమ్మీ" అన్నడు. రాసి తీసుకపోయిన. పాలల్లో నీళ్లు కలపని మనిషి. మాట మీద నిలబడ్డ మనిషి. అన్న కాయితం చదివిండు. వేలు రెండో మాట మీద పెట్టిండు.

"మొదటిది ఉంచు. ఇది కొట్టెయ్యి. గోడకెక్కినంక గూడ అబద్ధమెందుకు? ముసలితనంల ఒట్టు తప్పిండు మా బాపు. నేను ఆయనను ఆ ముచ్చట అడగలే. చనిపోయేదాక అడగలే. అడిగితే మళ్ల కాదంటడని."

కాయితం జేబులో పెట్టుకొని వచ్చిన. పటేల్ అనుకున్నది, తండా అనుకున్నది ఎట్లన్న మోసుకున్న. కొడుకు అనుకుంటున్నడని అప్పటి దాకా నాకు తెల్వదు. తెల్వదా? అన్న బాపు ఒట్టు కథ చెప్పడం ఎప్పుడో మానేసిండు. అది నేను గమనించలేదా? గమనించిన. ఒకే ఇంట్లో తొమ్మిదేండ్లు తండ్రిని కొడుకు ఒక మాట అడగకుండా, కొడుకుకు తండ్రి ఒక పేరు చెప్పకుండా ఉన్నరు. ఆ పేరుగల్లోడు రోజూ పొద్దున గిన్నె పట్టుకొని పోయి ఇద్దరినీ నవ్వించి వచ్చిండు.

పదిహేను రోజులు కాయితం జేబు మార్చి జేబులో పెట్టుకొని తిరిగిన. మొన్న గురువారం పొద్దున పోయిన. దుకాణం ముంగట ఇద్దరే ఉన్నరు. ఒకాయన తీసుకొని పోయిండు. నా వెనుక ఒక పెద్దాయన. నర్సింగ్ అన్న కొలత క్యాన్‌లో ముంచిండు. అప్పుడు చెప్పిన. మీకు మొదట చెప్పిన మూడు వాక్యాలే. వంకర లేకుండా, గొంతు మార్చకుండా. నా సొంత గొంతు నాకే కొత్తగ వినపడ్డది.

అన్న చెయ్యి క్యాన్‌లోనే ఆగింది.

"బాపుకు ఎరుకేనా?"

"ఎరుకే అన్నా."

ఆయన నా దిక్కు చూడలేదు, గోడ మీద మేకు దిక్కు చూసిండు. ఫోటో కోసం కొట్టిన మేకు. ఇంకా ఖాళీగనే ఉన్నది. నా వెనుక పెద్దాయన, "భాయ్, జర జల్దీ, ఆధా లీటర్" అన్నడు. అన్న కొలత పైకి తీసిండు. నా గిన్నెలో పోసిండు. చివరి చుక్క పడే దాకా ఒంచి పట్టుకున్నడు. కొలత వెనక్కి తీసుకొని క్యాన్ మూత పెట్టిండు.

నేను కదలబోతుంటే అన్నడు, "ఆ కాయితం రేపు తీసుకరా. రెండోది కొట్టెయ్యకు."

"తమ్మీ" అనలేదు. ఆ పదం కోసం నేను ఒక నిమిషం నిలబడ్డ. పెద్దాయన నన్ను పక్కకు జరిపి గిన్నె ముంగట పెట్టిండు.

క్షమించమని నేను అడగలేదు. నాకు అడిగే హక్కున్న మాట కాదది. ఒకవేళ అన్న క్షమించినా ఆ ఖాళీ జాగాలో నుంచి ఉరికొచ్చిన తల్లి సంగతి ఆయన చేతిలో లేదు. అది నన్ను చూసినంక కూడా నా నోటి దిక్కే ఎందుకు చూసిందో నాకు ఒక్కనికే ఎరుక. ఆ గొంతు మళ్ల ఎన్నడూ తీయలేదు. తీయనని ఒట్టు మాత్రం పెట్టుకోలేదు. ఒట్లకు నేను తగను.

ఇంటికొచ్చి పాలు గిన్నెలో పోసిన. మా ఆవిడ చూసి, "ఇయ్యాల తక్కువున్నయేంది?" అన్నది.

"లీటరే" అన్న. "సరిగ్గ లీటరు."

పన్నెండేండ్లలో మొదటిసారి, నాకు రావాల్సినంతే తెచ్చుకున్న. చెయ్యి తేలికగ ఉండె.